తనవాళ్ళను అడిగే విశ్వాసం

(స్మారకోపన్యాస పాఠం)



మాస్టారి పేరున ఏటా జరిగే ఈ ఉపన్యాసానికి ఈసారి నన్ను పిలిచి 'మతవిశ్వాసం, శాంతి, సామాజిక న్యాయం' అనే విషయం చేతిలో పెట్టారు. దీని మీద మాట్లాడటం చాలా సులువు. అన్ని మతాలూ శాంతినే బోధించాయనాలి, నాలుగు మతాల మహనీయులనూ వరసగా తలుచుకోవాలి, చప్పట్లు అయ్యాక దిగిపోవాలి. మాస్టారే ఉంటే ముందు వరసలోంచి లేచి, "అన్నీ శాంతినే చెబితే మరి కొట్టుకుంటున్నదెవరయ్యా?" అనేవారు. ఆయన దేవుణ్ణి నమ్మిన మనిషి, రోజూ రాట్నం తిప్పిన సర్వోదయ కార్యకర్త. కనక ఆ ప్రశ్న ఆయన నోట వస్తే వెక్కిరింత అనుకోనక్కర్లేదు. ఆ ప్రశ్నకు తగినట్టుగానే మాట్లాడాలని నా ప్రయత్నం. మతాలన్నిటి జోలికీ పోను. ఒక మనిషి నడకను తీసుకుంటాను. అది మన నేల మీదే మలుపు తిరిగింది.

దానికి ముందు ఒక్క మాట. ఈ పేచీ మనకు కొత్త కాదు. పల్నాట బ్రహ్మనాయుడు చాపకూడు పెట్టాడని చిన్నప్పటి నుంచీ వింటూనే ఉన్నాం. వైష్ణవ భక్తుడైన ఆ మంత్రి, కులం ఎంచకుండా అందర్నీ ఒకే చాప మీద కూర్చోబెట్టి అన్నం పెట్టించాడు. మాల కన్నమదాసును కొడుకులా చేరదీసి సేనాపతిని చేశాడు. పన్నెండో శతాబ్దంలో ఆ పని చెయ్యడానికి ఎంత గుండె కావాలో ఊహించుకోండి. అదే బ్రహ్మనాయుడు కారంపూడి యుద్ధానికీ పెద్ద దిక్కయ్యాడు. ఒకే చాప మీద తిన్న వీరులంతా ఒకే కయ్యంలో కూలిపోయారు. విశ్వాసం పంక్తిని కలపగలిగింది గాని కత్తిని ఆపలేకపోయింది. న్యాయమూ శాంతీ కవల పిల్లలన్నట్టు మనం మాట్లాడతాం. మన వీరగాథ ఆ మాట ఒప్పుకోదు.

ఇక అసలు విషయం.

1951 మార్చి 8న, తర్వాత భూదానోద్యమం నడిపిన వినోబా భావే వార్ధా దగ్గరి పౌనార్ ఆశ్రమం నుంచి కాలినడకన బయలుదేరారు. హైదరాబాదు పక్కన శివరాంపల్లిలో ఏప్రిల్‌లో సర్వోదయ సమ్మేళనం. రైలెక్కి రావచ్చు, నడిచే వచ్చారు. సమ్మేళనం అయ్యాక తెలంగాణ పల్లెల్లోకి వెళ్ళాలనుకున్నారు. ఏప్రిల్ 15, ఆ ఏడు శ్రీరామనవమి. బయలుదేరే ముందు హైదరాబాదు జైలుకు వెళ్ళి అక్కడున్న కమ్యూనిస్టు ఖైదీలను కలిశారు. ఈ సంగతి భూదానం గురించి రాసేవాళ్ళు ఒక వాక్యంలో దాటేస్తారు. నాకైతే అక్కడే కాసేపు ఆగాలనిపిస్తుంది. రాముడి పేరు చెప్పుకుని ప్రయాణం మొదలుపెట్టే మనిషి, దేవుడే లేడనే వాళ్ళ దగ్గరికి పోయి ముందు వాళ్ళ మాట విన్నాడు.

అప్పటి నల్లగొండ, వరంగల్ జిల్లాల పరిస్థితి ఇక్కడి పెద్దవాళ్ళకు ఇళ్ళల్లో విన్న కథే. 1946 జులై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్య కాల్పుల్లో పడిపోయాడు. వెట్టి మీద, దేశ్‌ముఖుల మీద జనం తిరగబడ్డారు. వేల గ్రామాల్లో భూములు పంచారు. 1948 సెప్టెంబరులో పోలీసు చర్య జరిగింది. నిజాం పాలన పోయింది కాని ఆ సైన్యం వెనకాలే పట్నం పారిపోయిన దొరలు కూడా తిరిగొచ్చారు. పగలు పోలీసులు, రాత్రి కమ్యూనిస్టు దళాలు. అన్నం పెట్టావని ఒకడు కొడితే, పెట్టలేదని ఇంకొకడు అనుమానించేవాడు. మధ్యలో నలిగింది పేద రైతు కుటుంబం.

ఏప్రిల్ 18న వినోబా పోచంపల్లి చేరారు. దళితవాడకు వెళ్ళి కూర్చుని ఏం కావాలని అడిగారు. భూమి కావాలన్నారు వాళ్ళు. 40 కుటుంబాలు, 80 ఎకరాలు: 40 తరి (మాగాణి), 40 ఖుష్కి (మెట్ట). సర్కారుకు చెప్పి చూస్తానన్న వినోబా, అంతలోనే ఊరివాళ్ళ వైపు తిరిగి, సర్కారు ఇచ్చేదాకా ఆగకుండా మీలో ఎవరైనా ఏమైనా చెయ్యగలరా అని అడిగారు. వెదిరె రామచంద్రారెడ్డి లేచి నూరెకరాలు ఇస్తానన్నారు. ఇక్కడిదాకా పాఠ్యపుస్తకాల్లోనూ ఉంటుంది. పుస్తకాల్లో తక్కువగా కనిపించే సంగతి ఇంకొకటుంది. నూరు ఇస్తానంటే ఆ వాడవాళ్ళు మాకు 80 చాలు అన్నారు. ఆ రోజు దాత గొప్పతనం గురించి 70 ఏళ్ళుగా మాట్లాడుకుంటున్నాం. ఆకలితో ఉండి కూడా లెక్క తప్పని ఆ 40 కుటుంబాల పేర్లు మనలో ఎంతమందికి తెలుసు?

ఆ రాత్రి వినోబాకు నిద్ర పట్టలేదని ఆయనే చెప్పుకున్నారు. దీన్ని దైవసంకేతం అనుకున్నారు. మర్నాటి నుంచి ఊరూరా అడగడం మొదలుపెట్టారు. మీకు ఐదుగురు కొడుకులుంటే నన్ను ఆరోవాడిననుకోండి, ఆరోవంతు ఇవ్వండి. ఇదీ ఆయన అడిగిన తీరు. గాలి, నీరు, ఎండ ఎవరి సొత్తూ కానట్టే భూమీ కాదు, అంతా భగవంతుడిది. సాయంత్రం ప్రార్థన, ప్రార్థన తర్వాత మాట, మాట తర్వాత కాగితం మీద దానపత్రం. తెలంగాణలో 51 రోజులు నడిస్తే 12,201 ఎకరాలు వచ్చాయి.

విశ్వాసం ఇక్కడ ఏం పనిచేసిందో గమనించండి. భూమి గురించి దొరతో మాట్లాడినవాళ్ళు అప్పటిదాకా ఇద్దరే: కోర్టు, తుపాకి. కోర్టు దొర వైపు చూసింది, తుపాకి దొర గుండె వైపు. వినోబా దొర పూజగది వైపు చూశారు. నువ్వు రోజూ మొక్కే దేవుడే ఈ భూమికి యజమాని అయితే పట్టాలో నీ పేరెందుకుంది? నమ్మని మనిషి ఈ ప్రశ్న వేస్తే ఎదుటివాడు నవ్వి ఊరుకుంటాడు. తనలాగే తెల్లారకముందే లేచి గీత చదివేవాడు వేస్తే నవ్వలేడు.

అయితే ఇది సగం కథే. మిగతా సగం చెప్పకుండా వినోబాను పొగిడితే అది భజన అవుతుంది. ఐదేళ్ళ పోరాటం లేకపోయి ఉంటే ఆ నూరెకరాలు అంత తేలిగ్గా లేచి నిలబడేవా? నిలబడేవని నేను అనను. భూమి ఎటూ పోయేదే అన్న ఎరుక తెలంగాణ దొరకు పోరాటమే కలిగించింది. పోయేదాన్ని మర్యాదగా ఇచ్చే దారి వినోబా చూపించారు. కమ్యూనిస్టులు భూదానాన్ని ఉద్యమం మీద నీళ్ళు చల్లే ఎత్తుగా చూశారు. సర్వోదయం వాళ్ళు పోరాటాన్ని వట్టి హింసగా చూశారు. రెండు పక్షాలవాళ్ళూ ఒకరికొకరు బాకీ ఉన్నారని ఒప్పుకోలేదు. రావి నారాయణరెడ్డిని గుర్తు చేసుకోండి. హరిజన సేవా సంఘంలో పనిచేసి, తర్వాత ఎర్రజెండా పట్టి, సొంత భూమి పంచి, 1952 ఎన్నికల్లో నల్లగొండ నుంచి నెహ్రూ కంటే ఎక్కువ ఓట్లతో గెలిచిన మనిషి. ఆయన ఏ దేవుడి పేరునా భూమి పంచలేదు. న్యాయబుద్ధి భక్తుల ఇంటి సొత్తని ఎవరైనా అంటే ఈ పేరు చెప్పండి.

పోచంపల్లి తర్వాత పదమూడేళ్ళు నడిచారు వినోబా. 1957 నాటికి 5 కోట్ల ఎకరాలని లక్ష్యం పెట్టుకున్నారు. మాట ఇచ్చినది 40 లక్షల ఎకరాలు దాటింది. ప్రపంచంలో ఒక సాధువు అడిగితే ఇంత భూమి కదిలిన సందర్భం ఇంకొకటి నాకు తెలీదు. కాని అందులో పెద్ద వాటా పేదల చేతికి రానేలేదు. రాళ్ళగుట్టలిచ్చినవాళ్ళున్నారు, వ్యాజ్యంలో ఉన్నది వదిలించుకున్నవాళ్ళున్నారు. తండ్రి ఇస్తే కొడుకు కాదన్నాడు. పంచిన చోట కూడా సర్వే రాయి పడలేదు, పహాణీలో పేరు ఎక్కలేదు. దీనికి దాతల మోసం ఒక్కటే కారణమంటే సరిపోదు. 1956 చివర్లో పళనిలో వినోబా భూదాన సమితులను రద్దు చేశారు. ఉద్యమం నిధి మీదా యంత్రాంగం మీదా ఆధారపడకూడదు, జనం మీద వదిలెయ్యాలి అన్నది ఆయన నమ్మకం. ఆధ్యాత్మికంగా అది గొప్ప నిర్ణయమే అయి ఉండొచ్చు. పొలం కాగితం కోసం తహసీల్ కచేరీ చుట్టూ తిరుగుతున్న కూలికి మాత్రం వెంట వచ్చే మనిషి లేకుండా పోయాడు. మనిషి మారితే చాలనుకుంది విశ్వాసం. రికార్డు కూడా మారాలన్న సంగతికి అంత విలువ ఇవ్వలేదు. ఆంధ్రప్రదేశ్‌లో భూదాన, గ్రామదాన చట్టం 1965లో వచ్చింది. అయినా హైదరాబాదు చుట్టూ భూమి ధర ఆకాశానికెక్కాక భూదాన భూములు ఎన్ని చేతులు మారాయో, ఎన్ని కేసులు నడుస్తున్నాయో మీకు నేను చెప్పనక్కర్లేదు. దైవసంకేతంగా మొదలైన భూమి ప్లాట్ల వెంచర్‌లో తేలింది.

అయితే వినోబా జీవితంలో విశ్వాసం నిగ్గు తేలిన చోటు పోచంపల్లి అనుకోను నేను. అది దేవ్‌ఘర్.

1953 సెప్టెంబరు. పాదయాత్ర నాటి బీహార్‌లో సాగుతోంది. దేవ్‌ఘర్‌లోని వైద్యనాథ ఆలయం పన్నెండు జ్యోతిర్లింగాల్లో ఒకటిగా భక్తులు కొలిచే క్షేత్రం. హరిజనులకు ప్రవేశం లేని గుడికి వెళ్ళకూడదని వినోబా నియమం. ఆలయంవాళ్ళు అభ్యంతరం లేదంటేనే, సాయంత్రం ప్రార్థన ముగించుకుని దళితులైన సహచరులతో మౌనంగా గుడికి నడిచారు. లోపల పండాలు, అంటే ఆ గుడి పూజారులు, మీద పడి కొట్టారు. చుట్టూ ఉన్నవాళ్ళు అడ్డుపడి దెబ్బలు తామే తిన్నారు. అయినా వినోబాకు చెవి మీద దెబ్బ తగిలింది, ఆ చెవికి వినికిడి పోయింది. ఇదే దేవ్‌ఘర్‌లో 1934లో గాంధీ కారు మీద దాడి జరిగింది, అదీ అంటరానితనం వద్దన్నందుకే. కొట్టినవాళ్ళను శిక్షించవద్దని వినోబా ప్రకటన ఇచ్చారు. కొద్ది రోజులకే ఆ గుడి తలుపులు దళితులకు తెరుచుకున్నాయి.

ఏడాదిన్నర తర్వాత, 1955 మార్చిలో పూరీ. జగన్నాథుడి గుడికి వెళ్ళారు. బృందంలో ఒక ఫ్రెంచి మహిళ ఉంది. ఆమెను రానివ్వం అన్నారు. అయితే నేనూ రాను అని గుమ్మం దగ్గర నుంచే తిరిగి వచ్చేశారు. వైష్ణవ భక్తి గీతాలు పాడుకుంటూ పెరిగిన మనిషి, జగన్నాథుడి వాకిట్లోకి వచ్చి దర్శనం వదులుకున్నాడు. 1958లో పండరీపురం. అక్కడ ఆలయంవాళ్ళే పిలిచారు. ముస్లిం, క్రైస్తవ సహచరులతో కలిసి విఠోబా ముందు నిలబడ్డారు. కళ్ళ వెంట నీళ్ళు కారాయంటారు.

పండరీపురానికి వెనక ఇంకో కథుంది. 1932లో ధులే జైల్లో వినోబా గీత మీద తోటి ఖైదీలకు వారం వారం చెప్పిన ప్రసంగాలను ఒక ఖైదీ కూర్చుని రాసిపెట్టాడు. ఆయన సానే గురూజీ. ఆ రాతప్రతే తర్వాత 'గీతా ప్రవచనాలు'గా ఎన్నో భారతీయ భాషల్లోకి వెళ్ళింది, తెలుగులోకీ వచ్చింది. సానే గురూజీ ప్రసంగాలు రాసుకోవడంతో ఆగలేదు. 1947 మే నెలలో, స్వాతంత్ర్యానికి మూడు నెలల ముందు, పండరీపురం గుడిని దళితులకు తెరవాలని నిరాహారదీక్ష చేశారు. గుడి తెరుచుకుంది. దేశమంతా విభజన గొడవలతో మండిపోతున్న సమయంలో ఒక మరాఠీ బడిపంతులు తన దేవుడి గుమ్మం ముందు పస్తు పడుకున్నాడు. గీత విన్నవాళ్ళు లక్షల్లో ఉన్నారు. విని గుడి గుమ్మం దగ్గర కూర్చున్నవాళ్ళు వేళ్ళ మీద లెక్కపెట్టేంత మంది.

మాస్టారి ప్రశ్నకు నాకు తోచిన జవాబు ఈ సంఘటనల్లోనే ఉంది. విశ్వాసం శాంతికీ న్యాయానికీ పనికొచ్చేది అది తనవాళ్ళను అడిగినప్పుడు. ఎదుటి మతంవాణ్ణి సరిదిద్దడానికి బయలుదేరిన విశ్వాసం ఎంత మంచి మాటలతో మొదలైనా కర్రల దగ్గర తేలుతుంది. హిందువు దేవ్‌ఘర్‌లో అడగాలి. క్రైస్తవుడు, దళిత క్రైస్తవులకు శ్మశానంలో వేరే మూల కేటాయించిన చోట అడగాలి. ముస్లిం, దూదేకులవాళ్ళను తక్కువ చేసి చూసే చోట అడగాలి. అడిగినవాడికి సొంత ఇంట్లోనే దెబ్బలు పడతాయి. దెబ్బలు పడకపోతే అడగనట్టే లెక్క.

ఇది ఒక్క హిందూ సాధువు కథ కాదని చూపడానికి సరిహద్దు గాంధీని తలుచుకుంటాను. ఖాన్ అబ్దుల్ గఫార్ ఖాన్ 1929లో పఠాన్లతో ఖుదాయీ ఖిద్మత్‌గార్ దళాన్ని కట్టారు. దేవుడి సేవకులు, ఎర్ర చొక్కాలు. తరతరాల పగ తీర్చుకోవడమే మగతనమనుకునే జాతి చేత, అల్లా పేరున, పగ పట్టను, చెయ్యెత్తను అని ఒట్టు వేయించారు. మక్కాలో ప్రవక్త పడిన హింసనూ చూపిన సహనాన్నీ ఆయన ఎత్తి చూపారు. బ్రిటిషువాళ్ళను తిట్టడం ఏ పఠానుకైనా చేతనవును. పఠాన్ల పగను తప్పనడానికి పఠానే కావాలి. 1930 ఏప్రిల్ 23న పెషావర్ కిస్సాఖానీ బజారులో నిరాయుధుల మీద కాల్పులు జరిగాయి. గఢ్వాల్ రైఫిల్స్ సిపాయిలు కొందరు చంద్రసింగ్ నాయకత్వాన కాల్చేది లేదన్నారు. గుంపులో ముస్లింలు, ఎదురుగా తుపాకి దించినవాళ్ళు హిందువులు. వాళ్ళను కోర్టు మార్షల్ చేసి జైళ్ళకు పంపారు. దేశ విభజన తర్వాత గఫార్ ఖాన్‌ను ఏళ్ళ తరబడి జైల్లో పెట్టింది ముస్లిం దేశమే. 1988లో ఆయన పోయారు.

మళ్ళీ మన తెలుగు గడ్డకు వస్తాను. వినోబా పాదయాత్రలో ఆయన హిందీ ప్రసంగాలను తెలుగు చేసి జనానికి వినిపించినవాళ్ళలో లవణం ఒకరు. విజయవాడ నాస్తిక కేంద్రం స్థాపించిన గోరా గారి కొడుకు, పుట్టు నాస్తికుడు. దేవుడి భూమి అని వినోబా అంటే, ఆ దేవుణ్ణి నమ్మని యువకుడు ఆ మాటను తెలుగులో నిజాయితీగా చెప్పేవాడు. ఇద్దరికీ ఇబ్బంది కలగలేదు. నాకు ఈ దృశ్యం చాలా సర్వమత సభల కంటే విలువైనదిగా కనిపిస్తుంది. తర్వాత అదే లవణం, గుర్రం జాషువా గారి కూతురు హేమలతతో కలిసి స్టూవర్టుపురంలో నేరస్థులని ముద్రపడిన కుటుంబాల మధ్య పనిచేశారు. నిజామాబాద్ జిల్లాలో జోగినీ దురాచారం మీద ఏళ్ళ తరబడి పోరాడారు. దేవుడికి పెళ్ళి చేస్తున్నామని చెప్పి దళిత ఆడపిల్లను ఊరి పెద్దలకు అప్పజెప్పిన ఆచారం అది. 1988లో దాని మీద చట్టం వచ్చింది. ఆ పిల్లల మెడలో తాళి కట్టించింది కూడా విశ్వాసమే. విప్పించినవాళ్ళు నాస్తికులు. మనం విశ్వాసం గురించి గొప్పలు చెప్పుకునే సభల్లో ఈ మాట తప్పకుండా చెప్పుకోవాలి.

వినోబా కూడా తన కొలతకు తానే ఒకసారి అందలేదు. 1975లో ఎమర్జెన్సీ పెట్టినప్పుడు ఆయన మౌనవ్రతంలో ఉన్నారు. 'అనుశాసన పర్వం' అని ఆయన ఇచ్చిన మాటను ప్రభుత్వం ఊరూరా ప్రచారం చేసుకుంది. ఆ మాటకు ఆయన వేరే అర్థం ఉద్దేశించారని శిష్యులు వాదిస్తారు. కావచ్చు. కాని జీవితాన్నే భూదానానికి అర్పిస్తానని 1954లో ఆయన ముందు నిలబడ్డ జయప్రకాశ్ నారాయణ్ అప్పుడు జైల్లో ఉన్నారు. పౌనార్ ఆశ్రమానికి ప్రధానమంత్రి వచ్చి వెళ్ళేవారు. పండాలను అడిగినట్టు వినోబా ఆమెను గట్టిగా అడగలేదు. నా దృష్టిలో అది ఆయన జీవితంలో పెద్ద లోటు.

ఇంతసేపు విన్నారు. మాస్టారి పేరు నిలబెట్టడానికి విగ్రహం పెడదామని ఇందాక అధ్యక్షులు అన్నారు. దానికి బదులు ఒక పని చేద్దామని ఈ సభకు నా విన్నపం. మీ మీ మండలాల్లో భూదానానికి ఇచ్చిన భూమి ఎంత, సర్వే నంబర్లేమిటి, ఎవరికి పంచారు, ఇవాళ పట్టాదారు పాసుపుస్తకం ఎవరి పేరున ఉంది అని తహసీల్దారు కార్యాలయంలో అడగండి. వచ్చిన జాబితాను గ్రామసభలో పైకి చదివి వినిపించండి. గుడిలో వినిపించగలిగితే ఇంకా మంచిది. సమాచార హక్కు చట్టం కింద మండల స్థాయిలో దరఖాస్తు రుసుము 5 రూపాయలు.